బోర్లించిన పళ్ళెం కింద కొండపూలు

దేవుణ్ణి నమ్మేవాళ్ళు దెయ్యాన్ని కూడా నమ్మాల్సిందేనని మా వారు నన్ను ఆటపట్టిస్తుంటారు. నేను నమ్మను. చిన్నప్పుడూ నమ్మలేదు, ఇది రాస్తున్న ఇవాళా నమ్మడం లేదు. మా నాన్నగారు దెందులూరు దగ్గర ఒక పల్లెలో అర్చకులు. తెల్లవారకముందే ఒక్కరూ వెళ్ళి గుడి తలుపులు తీసేవారు. లోపల చీకట్లో ఏముంటాయని ఎవరైనా అడిగితే, "గబ్బిలాలుంటాయి, పాపం వాటి మానాన అవి ఉంటాయి" అనేవారు. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు ఆ భయాలు అంటలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దీనికి నేను ఏ పేరూ పెట్టడం లేదు.

చిన్నతనంలో నాకు ఉబ్బసం. బడికి పంపితే సగం రోజులు మంచం మీదే. అందుకని నాన్నగారే ఇంట్లో అక్షరాలు దిద్దించారు, లెక్కలు చెప్పారు, స్తోత్రాలు నేర్పారు. పూల సంగతులూ చెప్పారు. ఏ పువ్వు ఏ దేవుడికి ఇష్టం, ఏది మొగ్గగా కోయకూడదు, ఏది నేల రాలినా పనికొస్తుంది, ఇలాంటివన్నీ. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పేరు తెలియని పువ్వును దేవుడి దగ్గర పెట్టనిచ్చేవారు కాదు. "ఇంటికొచ్చినాయన్ని పేరైనా అడక్కుండా పీట వేసి కూర్చోబెడతామా అమ్మా" అనేవారు. శాస్త్రంలో ఉందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం ఉంది.

ఇంకో పట్టింపు అమ్మది. రాత్రి పూజసామాను కడిగాక పూలపళ్ళేన్ని బోర్లించి పెట్టాలి. ఖాళీ పళ్ళెం దేవుడి ముందు నోరు తెరుచుకుని ఉండకూడదట. పెళ్ళయి ఏలూరు వచ్చాక కూడా నేను ఈ రెండూ తప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగిందిది. మా ఆడపడుచు విశాల అప్పట్లో తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో బోటనీ చెప్పేది. వేసవి సెలవులు ఇవ్వగానే హిమాలయాలకు వెళ్ళేది. కొండదారుల్లో నడుస్తూ, అక్కడి పూలను తన దగ్గరున్న పుస్తకంలో బొమ్మలతో పోల్చి గుర్తుపట్టడం ఆమెకు పిచ్చి. ఫొటోలు తీసుకునేదే తప్ప ఒక్క పువ్వు కోసేది కాదు. ఆ ఏడు మమ్మల్నీ రమ్మంది. అప్పటికి ఆ రాష్ట్రాన్ని ఉత్తరాంచల్ అనేవారు. దారి చివర కొండ మీద ఒక పాత శివాలయం ఉందని చెప్పింది. నాకు అంతకంటే ఏం కావాలి?

మా వారిది గణపవరం. ఎటు చూసినా వరిచేలు, చేపల చెరువులు, చదునైన నేల. ఆయన అప్పటిదాకా ఎక్కిన ఎత్తల్లా ఏలూరు రైల్వే వంతెన, ఎప్పుడో ఒకసారి కామవరపుకోట వైపు ఒక గుట్ట.

బయల్దేరేముందు అందరి బెంగా నా ఉబ్బసం గురించే. మా వారు డాక్టరుగారిని అడిగి పీల్చే మందు రెండు కొన్నారు. ఒకటి నా సంచిలో వేసి, ఒకటి తన జేబులో పెట్టుకున్నారు. దారి పొడవునా అన్నాచెల్లెళ్ళిద్దరూ నా ఊపిరే వింటూ నడిచారు. ఆయన ఊపిరి ఎవరూ వినలేదు.

బస్సు దిగిన ఊళ్ళో ఒక చిన్న లాడ్జిలో మా మొదటి బస. ముగ్గురికీ ఒకటే గది. ఆ ఊళ్ళో ఏ కంచె మీద చూసినా తెల్లటి అడవి గులాబీ విరగబూసి ఉంది. అక్కడివాళ్ళు దాన్ని కుంజా అంటారట. కింద కొండల్లోనే పూస్తుందని, మర్నాటి నుంచి మనం ఎక్కే ఎత్తుల్లో కనిపించదని విశాల చెప్పింది. పైన అడవిలో పూలు కోయనివ్వరు కాబట్టి అక్షింతలతోనే పూజ కానిద్దామనుకున్నాను. రాత్రి నా ఇత్తడి పళ్ళెం కడిగి, స్వామి పటం ముందు బోర్లించి పడుకున్నాను. తలుపు గడియ నేనే వేశాను.

తెల్లవారి స్నానం చేసి వచ్చి పళ్ళెం తిరగతీస్తే, దాని కింద ఒక పువ్వు ఉంది. లేత ఊదారంగు, చిన్న చిన్న పూలన్నీ బంతిలా కూడుకుని ఉన్నాయి. తడిగా ఉంది. కాడ కొన అప్పుడే తుంచినట్టు తెల్లగా ఉంది.

విశాల పళ్ళు తోముకుంటోంది. నువ్వేనా పెట్టావని అడిగాను. "నేనా? పువ్వు కోశానని తెలిస్తే మా పిల్లలు నన్ను క్లాసులోకి రానిస్తారా వదినా?" అంది. తర్వాత పువ్వు చూసి, నోరు కడుక్కుని వచ్చి పుస్తకం తీసింది. అది ప్రిములా. పైన వాగుల పక్కన, చిత్తడి నేలలో పూస్తుందట. "ఈ ఊళ్ళో ఎలా ఉంది ఇది?" అంది. లాడ్జి వాళ్ళెవరో తెచ్చి ఉంటారనుకున్నాం. గడియ లోపలి నుంచి వేసి ఉందన్న మాట అప్పుడు ఎవరికీ తట్టలేదు. పేరు తెలిసింది కదా అని ప్రిములా పుష్పం సమర్పయామి అంటూ పెట్టాను. "మీ స్వామికి ఇంగ్లీషు వచ్చేమిటోయ్?" అన్నారు మా వారు.

సామానుకి కంచరగాడిదతో ఒక పెద్దాయన్ని కుదుర్చుకుని, ఆ సాయంత్రం ఒక వాగు పక్కన ఉన్న అటవీశాఖ బంగళాకి చేరాం. వాగు ఒడ్డంతా ఆ పువ్వే. అడుగు తీసి అడుగు వేయడానికి చోటు లేనన్ని.

మర్నాడు పొద్దున్న పళ్ళెం కింద మరో పువ్వు. ఊదా రేకుల మీద ముదురు మచ్చలు, మధ్యలో తెల్లటి కుచ్చు. విశాల ఈసారి నవ్వలేదు. ఐరిస్ అని, ఇంకా పైన గడ్డినేలల్లో ఉంటుందని చెప్పి నా మొహంలోకి చూసింది. నేనే ఆటపట్టిస్తున్నానని ఆమె అనుమానం. నాకు కొండ ఎక్కడుందో తెలియదు, పువ్వు ఎక్కడుందో ఏం తెలుస్తుంది? ఆ పూటంతా ఎక్కి, చెట్లు అయిపోయిన చోటికి చేరాం. గొర్రెల కాపరులు కట్టుకున్న రాతిపాక ఒకటి ఉంది. దాని వెనక పచ్చిక మీద ఐరిస్ పూలు.

భయం వేయలేదు. నిజం చెప్పాలంటే ఒళ్ళు పులకరించింది. స్వామే ముందు నడుస్తూ, తర్వాత ఎక్కడికి రావాలో ఒక్కొక్క పువ్వు పెట్టి చెబుతున్నాడనుకున్నాను. లోపల్లోపల దణ్ణాలు పెట్టుకుంటూ నడిచాను.

మా వారికి ఆ రాత్రి తలనొప్పి పట్టుకుంది. అన్నం సయించలేదు, వికారం. మా వైపు ఈ మూడూ కలిస్తే దాన్ని పైత్యమంటాం. చిన్నప్పటి నుంచి అందరికీ చేస్తున్నదే. శొంఠిపొడి తేనెలో కలిపి నాకించాను. నిమ్మరసం ఇచ్చాను, మాడుకు కొబ్బరినూనె అద్దాను. "తల బాగా నొప్పిగా ఉందా అన్నయ్యా?" అని విశాల రెండుసార్లు అడిగింది. "నిన్న ఆ పరోటాలు తిన్న పైత్యమే. మీ వదిన శొంఠి పెట్టింది, ఇంక అది నా జోలికి రాదు" అన్నారు. కొండల్లో తిరిగే మనిషి విశాల, కానీ ఆమె కూడా మా వైపు పుట్టిందే. పైత్యం అనగానే నమ్మింది.

మూడో పొద్దున వేలిగోరంత నీలం పువ్వు వచ్చింది. విశాల దాన్ని అరచేతిలో పెట్టుకుని పుస్తకం తిరగేసింది. జెన్షియన్ అని, మంచు కరిగిన చోట గడ్డిలో అణిగి ఉంటుందని చెప్పింది. ఆ రోజు గుడి దారిలో కొంత ఎక్కి, ఆ ఎత్తుకు ఒళ్ళు అలవాటయ్యాక మళ్ళీ పాకకి దిగి, మర్నాడు దర్శనానికి వెళ్ళాలని మా ఏర్పాటు. ఎక్కుతుంటే మా వారి అడుగు రెండుసార్లు పక్కకి పడింది. బూటు తాడు కట్టుకోవడానికి కూర్చుని, ముడి ఎలా వేయాలో మరిచిపోయినట్టు దాన్నే చూస్తుండిపోయారు. నేను వంగి కట్టాను. అంతలో కొంచెం పైన, మంచు అంచున, ఆకాశం ముక్కలు రాలినట్టు ఆ నీలం పూలు కనిపించాయి. "చూశారా, ఇక్కడే ఉన్నాయి. ఇంకొంచెం రండి" అని ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.

నాలుగో పొద్దున్న పళ్ళెం దగ్గరికి ఆత్రంగానే వెళ్ళాను. గుడి ముందు పూసే పువ్వేదో చూద్దామని. తిరగతీస్తే తెల్లటి అడవి గులాబీ ఉంది. కింద ఊళ్ళో కంచెల మీద చూసిన కుంజా.

వాసన పాకంతా నిండింది. విశాల లేచి కూర్చుంది. దగ్గరికొచ్చి చూసి, రేకుల్ని వేలితో తాకింది. "వదినా, ఇది ఇక్కడ పూయదు. మనం నడిచి వచ్చిన దారిలో నిన్న గానీ మొన్న గానీ ఎక్కడా లేదు. కోస్తే పూటలో రేకులు రాలిపోతాయి, కింది నుంచి తేవడం కూడా కుదరదు" అంది. పాక తలుపుకి అడ్డంగా రాత్రి మేమే పెట్టిన రాయి అలాగే ఉంది. సామాను తెచ్చిన పెద్దాయన పాకకి కాస్త దిగువన తన కంచరగాడిదతో పడుకున్నాడు.

ఇన్నాళ్ళూ పువ్వు ఎక్కడిదైతే మేం అక్కడికి వెళ్ళాం. ఇవాళ్టి పువ్వు కిందది. నా మనసుకి అంతకు మించి ఏమీ తోచలేదు. పేరు తెలిసిన పువ్వే కాబట్టి స్వామికి పెట్టి, సంచి సర్దడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నావు?" అన్నారు మా వారు. దిగిపోదామన్నాను. "గుడి కనిపిస్తుంటేనా? దర్శనం కోసం కదుటోయ్ వచ్చావు?" అన్నారు. మాట కాస్త ముద్దగా వచ్చింది. నిద్రమత్తనుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచి ఆయన మాటకి నేను అడ్డు చెప్పింది లేదు. ఆ రోజు మాత్రం, "మీరు వెళ్తే వెళ్ళండి, నేను దిగుతాను" అన్నాను. నన్ను ఒక్కదాన్నీ పంపరని తెలిసే అన్నాను. విశాల నా వైపు మాట్లాడుతుందనుకోలేదు. ఆమె పుస్తకం మూసి, "దిగుదాం అన్నయ్యా" అంది.

గంట నడిచామో లేదో, ఆయన ఆగి కిందున్న లోయ వైపు చూస్తూ, "పడవ కట్టేశారా? కొల్లేటి నీళ్ళు పెరిగినట్టున్నాయే" అన్నారు. ఆయన దగ్గుతుంటే లోపల నీళ్ళు కదిలినట్టు చప్పుడు వచ్చింది. అప్పుడు విశాలకి అర్థమైంది. "వదినా, ఇది పైత్యం కాదు" అని మాత్రం అంది. కంచరగాడిద మీది సామాను దింపేసి ఆయన్ని ఎక్కించాం. ఆ పెద్దాయన ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాం. నా ఉబ్బసం గుర్తు కూడా రాలేదు. దిగేకొద్దీ ఆయన మాట తేలికపడింది. బంగళా దాటాక నన్ను పేరు పెట్టి పిలిచి మంచినీళ్ళు అడిగారు.

కింద ఊళ్ళో డాక్టరు ఆక్సిజన్ పెట్టారు. ఎత్తు పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, అది మెదడుకీ పాకిందని చెప్పారు. ఆ రోజు ఇంకా పైకి వెళ్ళి ఉంటే దింపడానికి మనిషి మిగిలేవాడు కాదన్నారు. ఎవరు గమనించారని అడిగారు.

ఈ సంగతి విశాలా నేనూ ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో లెక్కలేదు. నేనే నిద్రలో నడిచి కోశానా అంటే, మేమింకా ఎక్కని ఎత్తుల పూలు నాకెలా దొరుకుతాయి? ఆ పెద్దాయన పెట్టాడా అంటే, మూసిన తలుపులోంచి ఎలా వస్తాడు? విశాల పెట్టిందా అని ఒకసారి ఆమె చేత మా స్వామి పటం మీద ఒట్టు వేయించాను కూడా. పాపం, కోపం తెచ్చుకోకుండా వేసింది. మా వారు మాత్రం, "బతికాను కదా, వదిలెయ్యండర్రా" అంటారు. ఆయనకి ఆ పొద్దుటి సంగతులేవీ గుర్తు లేవు.

నాన్నగారు అప్పటికే కాలం చేశారు. ఆయనే వచ్చి కాపాడారని విన్నవాళ్ళు అంటారు. విశాల కూడా ఆ మాటే అనేది. వినడానికి బాగుంటుంది. కానీ నాన్నగారైతే మొదటి మూడు పువ్వులూ పెట్టరు. అవి రాకపోతే మా వారి అడుగు తడబడిన రోజునే నేను ఆగేదాన్ని. ఆ నీలం పూలు చూసి కదా, ఇంకొంచెం రండి అని ఆయన చెయ్యి పట్టి లాక్కెళ్ళాను.

మమ్మల్ని దింపింది ఎవరో, ఎక్కించింది కూడా వాళ్ళే. ఆ గులాబీ కోసం రోజూ పొద్దున్నే ఒక దణ్ణం పెట్టుకుంటున్నాను. మా వారు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటారు, అది చాలు నాకు. మిగతా ఆ మూడు పువ్వులకీ దణ్ణం పెట్టాలో వద్దో మాత్రం ఇప్పటికీ తెలియలేదు. చేతులు జోడించినప్పుడల్లా అక్కడికొచ్చి ఆగిపోతాను.