పదహారో నంబరు బిళ్ళ

అప్పట్లో పటాన్‌చెరులో కార్ఖానాలు కొత్తగా లేస్తున్నాయి. అక్కడ సంగారెడ్డి బస్సెక్కితే, పక్కన కూర్చున్నాయన నా జేబులోని పెన్ను చూసి అడిగాడు. "సారూ, ఒకటి నుంచి నూరు దాక తొమ్మిది ఎన్నిసార్లొస్తది?"

"పది," అన్నాను.

ఆయన నా కాలరు పట్టి గుంజాడు. "నేను గూడ గంతే అనుకున్న. ఇగ లెక్కపెట్టు, పైకి!"

భయంతో మొదలుపెట్టాను. తొమ్మిది వచ్చినప్పుడల్లా ఆయన రెండో చేతి పిడికిలితో కిటికీ ఊచను గుద్దాడు. ఎనభై తొమ్మిది దాకా తొమ్మిది దెబ్బలే. తొంభై నుంచి మాత్రం ప్రతి సంఖ్యకూ దెబ్బ పడింది. తొంభై తొమ్మిదికి రెండుసార్లు గుద్దాడు. ఊచంతా నెత్తురు.

"ఇరవై," అన్నాను.

ఆయన ఒక కార్ఖానాలో కూలీల ఇత్తడి బిళ్ళల మీద నంబర్లు కొట్టేవాడట. గుండ్రటి బిళ్ళ తిరగబడితే తొమ్మిది ఆరవుతుందని, ప్రతి తొమ్మిది కిందా చుక్క పెట్టమన్నారట.

"నంబరు చివర్ల ఉన్న తొమ్మిదిలకే పెట్టిన. ముందట ఉన్నయి మరిచిన. రాగితీగ దొంగతనమైన కాడ తొంభై ఒకటి బిళ్ళ దొరికింది. వాచ్‌మెన్లు తలకిందులు పట్టుకొని పదహారని సదివిన్రు. పదహారో నంబరోడు తన బిళ్ళ తీసి సూపెట్టకముందే ఇనుప కడ్డీలతోని కొట్టిన్రు."

"ఆ పదహారో నంబరు బతికాడా?" అని అడిగాను.

బస్సు కందిలో ఆగింది. ఆయన నా కాలరు వదిలి లేచాడు.

"సాయిలు," అన్నాడు. "వాని పేరు సాయిలు, సారూ."