నాచు ఎరకు ముందు సలాం

రూమ్‌వాళ్లకు చేపల పులుసు పెడతానని మాటిచ్చి, శుక్రవారం పొద్దున్నే అల్ హైల్ సముద్రపు ఒడ్డున గాలం వేశాను. మూడు గంటలైనా బెండు కదల్లేదు. పక్క రాతిమీది ఒమానీ పెద్దాయన మాత్రం సాఫీ చేపలను వరసగా లాగుతున్నాడు.

ఉండబట్టలేక, “సలాం అలైకుం చాచా, ఏం ఎర?” అని హిందీలో అడిగాను.

వెంటనే లేచొచ్చి నా గాలానికున్న రొయ్య ఎర పీకేశాడు. నా కాలికింది నాచు తెంపి గాలానికి చుట్టాడు. “సాఫీ ఝింగా నహీ ఖాతా. ఘాస్ ఖాతా.”

రొయ్య తినదట, నాచు తింటుందట! ఒళ్లు మండి, పొద్దున్నే ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

“తుమ్ సలాం నహీ బోలా.” వచ్చినవాడే ముందు పలకరించాలట.

ఒక్క సలాం కోసం మూడు గంటలు ఎండబెట్టాడు! తర్వాతి శుక్రవారం కసికొద్దీ దూరం నుంచే సలాం అని అరిచాను. ఊరుకున్నాడా? నా క్షేమం, అమ్మ క్షేమం, పిల్లల క్షేమం అడుగుతూ గంటసేపు గాలం వేయనివ్వలేదు.