మెరిసే రాయితో రేపల్లె నుంచి బాపట్లకు

రేపల్లెలో సున్నపు బట్టీ మాది. మూడు తరాలుగా సముద్రపు గుల్లలే కాల్చాం. డెబ్బైల మొదట్లో ఒక ఏడు గుల్ల దొరక్క, పడమటి కొండల నుంచి లారీలో సున్నపురాయి దింపించాను. అందులో బాగా మెరిసేవే నా చేత్తో ఏరి కాల్చాను. మెరిసేదే మేలు రాయని నా నమ్మకం. ఆ సున్నంతో పూయించుకున్న వెంకాయమ్మగారి గోడలకు మూడు నెలల్లో బొబ్బలు లేచి పెచ్చులు రాలాయి. "సున్నంలో ఏం కలిపావయ్యా?" అని ఆవిడ నడిబజారులో నిలదీసింది. నేను చిటికెడు కూడా కలపలేదు. మా బట్టీ పేరు పోతుంటే ఊరుకుంటానా! బాపట్లలో రాళ్ళ చదువు చదివిన మేష్టారున్నారని విని బయల్దేరాను.

పొద్దున ఆరింటి పాసింజరు ఎక్కితే ఎనిమిదిలోపు తెనాలి. టిక్కెట్టు రూపాయి దాటేది కాదు. నా సంచీలో రాయి, గుప్పెడు గుల్లలు. ఎదురు సీటాయన నేనెక్కడికో అడిగి, సంచీ ఎత్తి చూశాడు.

"ఏంటి బాబాయ్, బాపట్లలో రాళ్ళు కరువా?"

"నీ బుర్ర కన్నా బరువే. దించు."

పెట్టె అంతా నవ్వింది. తెనాలిలో బండి మారాలి, గంట ఆగాలి. స్టేషను బయట ఇడ్లీ తిని, పదిన్నరకు బాపట్లలో దిగాను.

మేష్టారు అరుగు మీద కూర్చుని గుల్ల మీద ఆసిడు చుక్క వేశారు. బుస్సుమంది. రాయి మీద వేస్తే ఉలుకూ పలుకూ లేదు. గీకి పొడి మీద వేస్తే మెల్లగా నురగ కట్టింది.

"ఇది డోలమైటయ్యా. దీని పుట్టుకా గుల్లల్లోనే."

"ఒక్క గుల్లా కనబడదేంటండి?"

"ఆవకాయలో ముక్క ముక్కలాగే ఉంటుంది, లోపలికి ఉప్పు ఊరుతుంది కదా! సముద్రం అడుగున పేరిన సున్నపు బురదలోకి ఉప్పునీళ్ళలోని మెగ్నీషియం అలాగే ఊరి, కాల్షియం చోటు సగం ఆక్రమించింది. పైన మట్టి మీద మట్టి పడి లోతుకు పూడింది. ఆ వేడికి, బరువుకి కోట్ల ఏళ్ళలో సన్న పలుకులు కరిగి, పెద్ద పలుకులుగా మళ్ళీ కట్టాయి."

"నెయ్యి పూస కట్టినట్టు," అంది లోపల్నుంచి వాళ్ళావిడ.

"అదీ! గుల్లల ఆనవాలు చెరిగింది. మెరుపు ఆ పలుకులదే."

"మరి బొబ్బలో?"

"ఎన్నాళ్ళు నానబెట్టావు?"

"రెండ్రోజులండి. గుల్లసున్నానికి అది చాలు."

"దీనికి వారాలు పడుతుంది. నీళ్ళు తాగని సున్నపు పలుకులు గోడలోకి వెళ్ళాక తాగి ఉబ్బాయి."

నాకు పట్టరాని సంతోషం. "అయితే కలిపింది సముద్రమన్నమాట!"

"కలిపింది సముద్రమే. ఏరింది నువ్వు."

తిరుగు బండెక్కాను. దీపాల వేళకు వెంకాయమ్మగారి గుమ్మంలో నిలబడి, జన్మలో అనని మాట అన్నాను. "కలపలేదమ్మా. కానీ తప్పు నాదే. గుల్ల తెచ్చి మళ్ళీ పూయిస్తాను."

"ఈ ముక్కకి బాపట్ల దాకా పోవాలా అన్నయ్యా?" అని మజ్జిగ చేతికిచ్చింది.

ఆ రాయి ఇప్పటికీ మా తలుపుకు అడ్డం. అంత సముద్రం, అంత లోతు, అంత వేడి చూసొచ్చిన రాయిని ఒక్క చూపుతో తేల్చేశాననుకున్నాను. మీరూ ఎవరికైనా రాయి చూపించడానికి వెళ్తుంటే గోరంత ముక్క చాలు. నాలాగా రెండు వీశెలు మోయకండి.