రెండూ ఎడమ చేతులే

మా కొట్లో మిషను కుట్టే అక్కకి కోపం వస్తే అరవదు, దాచుకుంటుంది. పక్కనే కూర్చుని కాజాలు కుట్టేదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

గుడ్డ మడత సరిచూసుకోకుండా కత్తెర ఆడించి, టీచరమ్మ జాకెట్టుకి రెండు చేతులూ ఎడమ భుజానికే కత్తిరించాడు మా మాస్టరు. ఆవిడ వచ్చి నిలదీస్తే, "ఇదిగో, ఈవిడే పాడుచేసింది" అని నెపం అక్క మీదికి నెట్టేశాడు. అంతటితో ఊరుకున్నాడా? కిటికీ దగ్గరున్న ఆమె మిషను తీయించి, ఇస్త్రీ బల్ల వెనక చీకట్లో పెట్టించాడు. ఆ కత్తెరతోనే అతని మీసం కత్తిరించాలనిపించింది నాకు.

అక్క ఆ కసి ఇంట్లో తీర్చుకునేది. అక్కడ ఆమె కూతురు, ఇంకా బడిలో వేయని దొరసాని ఉంది. పిట్ట కొంచెం, కూత ఘనం. సాయంత్రం కాగానే టేపు మెడలో వేసుకుని విచారణకి కూర్చుంటుంది.

"చేతులు ఎవరు కత్తిరించారు?"

"మాస్టరండీ, దొరసానిగారూ" అంటుంది అక్క.

"అయితే గోడవైపు తిరిగి నిలబడమను!"

మాస్టరు వేషం తండ్రిది. అన్నం చల్లారిపోతున్నా సరే, తిరగాల్సిందే. ఇదంతా నాకు చెబుతూ అక్క పొట్ట పట్టుకుని నవ్వేది.

మొన్న ఇంట్లో చూసేవాళ్ళు లేక పిల్లని కొట్టుకి తెచ్చింది. టీచరమ్మ కొత్త గుడ్డతో వచ్చి కూర్చుందో లేదో, పిల్ల స్టూలెక్కి మాస్టరు మెడలోంచి టేపు లాగేసుకుంది.

"మాస్టరువి నువ్వేనా?"

"నేనేనమ్మా" అన్నాడు ముద్దుగా.

"రెండూ ఎడమ చేతులే కత్తిరించావు. మా అమ్మ మీద చెప్పావు. గోడవైపు తిరుగు!"

మాస్టరు మొహం మాడిపోయింది. "పిల్లని అదుపులో పెట్టుకో!" అని అక్క మీద కసిరాడు.

"నా మాట వింటేగా మాస్టరుగారూ! మా ఇంట్లో మేమే దాని మాట వింటాం" అంది అక్క, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆపాలంటే ఆపగలదు. ఆపలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంతకీ కత్తిరించింది ఎవరు?" అని టీచరమ్మ అడిగింది. మాస్టరు లేని టేపు కోసం మెడ తడుముకున్నాడు. ఆవిడ నావైపు చూసింది.

"మాస్టరే" అన్నాను, సూది గుడ్డలో గుచ్చి.

"అయితే ఈ గుడ్డ ఆవిడే కత్తిరించాలి, ఆవిడే కుట్టాలి. వెలుతురులో కూర్చోబెట్టండి. కాదంటే ఇంకో కొట్టుకి పోతాను."

మిషను మాస్టరే ఈడ్చాడు. దొరసాని స్టూలు దిగకుండా, "ఇంకా ఇటు... ఇంకా... ఊఁ, అక్కడ పెట్టు" అని పురమాయించింది.

అక్క కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించింది.

"కసి తీరిందా అక్కా?" అని గుసగుసగా అడిగాను.

"అప్పుడేనా?" అంది, కూతుర్ని మురిపెంగా చూసుకుంటూ. "రేపు కూడా తీసుకొస్తాను."