చేతులారా మూసిన బాట

2009లో మేం అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో ఉండేవాళ్లం. డిపెండెంట్ వీసా మీద ఉన్న నాకు ఉద్యోగం చేసే వీల్లేదు. పక్కింటి సుజాతతో కలిసి రోజూ అడవి బాటలో వాగు దాకా నడవడమే నా కాలక్షేపం. వాళ్లాయన ఉద్యోగం పోయి వాళ్లు ఇండియా వెళ్లిపోయాక, ఇంట్లో ఉండలేక, బాటలు బాగుచేసే వాలంటీర్లలో చేరాను.

మొదటి శనివారమే మమ్మల్ని మా బాట మొదట్లో దింపారు. సంతోషంగా పార అందుకున్నాను.

"వానలకి ఈ ట్రెయిల్ కోసుకుపోతోంది, క్లోజ్ చేసేస్తున్నాం. ఇక్కడ మనుషులు నడిచిన జాడే ఉండకూడదు" అంది టీమ్ లీడర్, ఒక పెద్దావిడ.

మట్టి తవ్వి, ఎండుకొమ్మలు పరిచి, పైన ఆకులు చల్లాం. సుజాతా నేనూ కూర్చునే దుంగను కూడా దొర్లించి బాటకి అడ్డం వేయమన్నారు. నలుగురి ముందూ ఏడ్చేశాను. దెబ్బ తగిలిందేమోనని ఆవిడ నా గ్లవ్స్ తీసి వేళ్లు చూసింది. మళ్లీ గ్లవ్స్ తొడుక్కుని, నేనూ ఓ చెయ్యి వేసి తోశాను.

కొన్నాళ్లకి సుజాత ఫోన్ చేసి, "మన దుంగ మీద ఇప్పుడెవరు కూర్చుంటున్నారే?" అని అడిగింది.

"ఎవరూ లేరు" అన్నాను.

ఆ ఉదయమే వెళ్లొచ్చాను. బాట ఎక్కడ మొదలయ్యేదో నాకే దొరకలేదు. అంత నీట్‌గా చేశాం ఆ పని.