ఇంటి లెక్కలో లేని నాయనమ్మ

మా నాన్న ఏడున్నర రైలుకి ఆరింటికే స్టేషన్లో కూర్చునే రకం. రెండు వేల మూడులో, ఆ చలికాలం పొద్దున కూడా అంతే. తుని ప్లాట్‌ఫారం మీద నాకు రెండుసార్లు టీ తాగించి, టిక్కెట్ల కోసం జేబు తడుముకుంటూనే ఉన్నారు. పాసింజరు మాత్రం తన తీరుబడి చూసుకుని వచ్చింది.

ఆ జేబులోనే ప్రయాణానికి కారణమైన కాగితం ఉంది. మా సొంతూరు కొవ్వూరు దగ్గర. పొలం పని మీద వెళ్ళినప్పుడు, యాభై ఒకటి జనాభా లెక్కల నాటి ఊరి రిజిస్టరు కంటబడితే మా ఇంటి వివరాలు రాసుకొచ్చారు. తాతయ్య, తాతయ్య వాళ్ళమ్మ, మూడేళ్ళ నాన్న. నాయనమ్మ పేరు లేదు.

చిన్నప్పుడు నాన్న అల్లరి చేస్తే తాతయ్య వాళ్ళమ్మ "నిన్నొదిలేసి పోయిందిరా మీ అమ్మ" అనేదట. ఏడాదికి నాయనమ్మ తిరిగొచ్చింది, కొడుకుని ప్రాణంగా పెంచింది. ఎక్కడికి వెళ్ళిందో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. ఆవిడ పోయి పదేళ్ళయింది. ఉత్త బెదిరింపనుకున్న మాట కాగితం మీద నిజమై కనబడేసరికి నాన్నకి అన్నం సయించడం మానేసింది. నాయనమ్మకి మిగిలిన చుట్టరికం కడియం దగ్గర అక్కగారి ఇల్లొక్కటే. ఆ ఇంటితో తాతయ్య ఎప్పుడో రాకపోకలు తెంచేసుకున్నాడు. అక్కడే అడుగుదాం పదండని నేనే బయల్దేరదీశాను.

సామర్లకోటలో ఎక్కిన పెద్దాయన ఇడ్లీ పొట్లం విప్పుతూ ఆరా మొదలెట్టాడు.

"మీరెంతమందండి అన్నదమ్ములు?"

"ఒక్కణ్ణేనండి."

"అక్కచెల్లెళ్ళైనా లేరా అండి? అయ్యో పాపం!"

నాన్న కిటికీ వైపు తిరిగిపోయారు.

కడియంలో దిగేసరికి పదకొండు కావస్తోంది. దారిలో అరటిపళ్ళు కొని ఆటో ఎక్కాం. నర్సరీల మొక్కల లారీలు రోడ్డుకి అడ్డంగా నిలబడి, మైలు దూరానికే చాలాసేపు పట్టింది. అడుగుతూ వెళితే ఊరి చివర పెంకుటిల్లు చూపించారు. వాకిట్లో యాభై దాటిన ఆవిడ పీట మీద కూర్చుని ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపుతోంది. నాన్న వాళ్ళమ్మ పేరు చెప్పారు. ఆవిడ మట్టి చేతులతోనే లేచి నిలబడింది.

"నువ్వు సూరన్నయ్యవా?"

ఆవిడ మంగాయమ్మ. నాయనమ్మ అక్కగారి ఒక్కగానొక్క కూతురు. ఇల్లరికపు అల్లుడు రావడంతో పుట్టింట్లోనే ఉండిపోయింది. నాన్న కాగితం తీసి ఆవిడ చేతికిచ్చారు. మా అమ్మ ఆ ఏడాది ఎక్కడుందో తెలుసా అని అడిగారు.

"ఇక్కడేనన్నయ్యా. నన్ను కని మా అమ్మ పురిట్లోనే పోయిందంట. పిన్ని దినాలకొచ్చింది. నాకేమో ఆవుపాలు పడక గుక్కపట్టి ఏడుస్తుంటే, ఉండబట్టలేక రొమ్మిచ్చిందంట. ఇంక కదల్లేకపోయింది. నాకు బువ్వ తినే వయసొచ్చాకే ఎళ్ళింది."

"మరి నన్నెందుకు తీసుకురాలేదు?"

యాభై అయిదేళ్ళ మనిషి గొంతు కాదది.

"పురిట్లో మనిషి పోయిన ఇంటికి మగపిల్లోణ్ణి పంపనని మీ నాయనమ్మ గుమ్మానికడ్డం కూచుందంట. నువ్వింకా తల్లిపాలు మానలేదంటన్నయ్యా. నేను తాగినవి నీ పాలే."

అత్తగారి మీద చెడు చెప్పాల్సొస్తుందనే నాయనమ్మ నోరు విప్పలేదేమో. నాన్న అరుగు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చారు. నాకూ ఆగలేదు.

మంగాయమ్మత్త పనసపొట్టు కూరతో భోజనం పెట్టింది. పెద్దల అమావాస్యకి వాళ్ళమ్మకి పెట్టినట్టే మా నాయనమ్మకీ గ్లాసుడు పాలు పెడుతుందట ఏటా. వచ్చేటప్పుడు "మేనకోడలివి, ఉత్త చేతుల్తో ఎళ్తావా?" అని నాకు మల్లెమొక్క ఇచ్చింది.

మధ్యాహ్నం రైలు రావడానికి ఇంకా గంట ఉంది. షరా మామూలే, నాన్న స్టేషన్లో ఉన్నారు. రైలొచ్చి ఆగింది. ఆయన లేవలేదు.

"నాన్నా, రైలు!"

"పోనీ అమ్మాయ్. తోడబుట్టిన దానింటికి అరటిపళ్ళతో వెళ్ళొచ్చాను. చీర పెట్టకుండా ఎలా వెళ్ళను?"

జన్మలో రైలు తప్పని మనిషి, కళ్ళెదుటే దాన్ని వదిలేశారు. బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాం. ఆడవాళ్ళకంటే ఎక్కువ పేచీ పెట్టి, కొట్టువాడి చేత బీరువాల్లోవన్నీ దింపించి, వంకాయ రంగు చీర తీసుకున్నారు. దీపాలవేళకి మళ్ళీ కడియం చేరాం. నేను బొట్టు పెట్టాను, నాన్న చీర చేతిలో పెట్టారు. అత్త ఆ చీరలోనే మొహం దాచుకుంది.

తిరుగు రైల్లో నా ఒళ్ళో మల్లెమొక్క చూసి, ఎదురు సీటావిడ పలకరించింది.

"ఎవరింటికెళ్ళొస్తున్నారండి?"

నాన్న చెప్పులు విడిచి, కాళ్ళు పైకి పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నారు.

"మా చెల్లెలింటికండి" అన్నారు.