పళ్లక్క పన్ను

ఆ రోజుల్లో నోట్లో పళ్లున్నాయన్న సంగతే మనకి గుర్తుండేది కాదు. కాళ్లున్నాయి కాబట్టి నడిచినట్టు, పళ్లున్నాయి కాబట్టి కొరికేవాళ్లం. పరాయి దేశంలో రేవు ఊరు డునెడిన్‌లో చదువుకునేటప్పుడు మా ఫ్లాట్‌లో చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాతో గోడకి మేకులు కొట్టేవాళ్లం (మా ఆవిడ నమ్మదు, మీరు మంచివాళ్లు). ఆ ఫ్లాట్‌లోనే పై గదిలో ఉండేది పళ్లక్క. భీమవరం మనిషి, దంతవైద్యం చివరి సంవత్సరం. పరీక్ష కోసం ఆవిడకో పేషెంట్ కావాలి, నాకో విరిగిన దవడ పన్నుంది. "నోరు తెరువు చాలు, ఫ్రీగా సిరామిక్ క్యాప్ వేస్తా" అంది. ఫ్రీ అంటే తెరుచుకోని నోరు మా వంశంలో లేదు. తెరిచాను, అతికించింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. సెమిస్టర్ చివర ప్రొఫెసర్ ఆ క్యాప్‌ని మళ్లీ చూస్తాడట. జిగురు పట్టు నిలిస్తే అక్క పాసు. ఊడిందో, ఏడాదంతా మళ్లీ చదవాలి.

అంతే, నా నోరు నాది కాకుండా పోయింది. "ఒరేయ్, ఆ వైపు నమలకు! అతికించడం నా పని, నిలబెట్టడం నీ పని" అంటూ భోజనాల దగ్గర టార్చి పట్టుకుని ఎదురుగా కూర్చునేది. సరిగ్గా అప్పుడే మా అమ్మ పంపిన చేగోడీల డబ్బా దిగింది. అక్క దాన్ని లాక్కుని నా రూమ్మేట్ బాబాయ్‌కి (వరసకి కాదు, అలవాటుకి) కాపలా అప్పగించింది. వాడి కాపలా ఎలాంటిదంటే, నా ముందు కూర్చుని ఒక్కొక్కటే కరకరలాడిస్తూ, "పాపం, పరీక్ష అయ్యేదాకా ఓర్చుకో బాబాయ్" అనేవాడు. ఆ చప్పుడుకి రేవులో సీల్ జంతువులు నిద్రలేచేవని ఊళ్లో చెప్పుకునేవారు (చెప్పింది నేనే అనుకోండి).

పరీక్ష రోజు పొద్దున డబ్బా అడుగున ఒకే ఒక్క చేగోడీ మిగిలింది. చప్పరిద్దామనే నోట్లో వేసుకున్నాను, ఒట్టు. దవడ నా మాట వినలేదు. టక్కుమంది. తెల్లటి ముక్కొకటి నాలుక మీదికొచ్చింది. అక్క ఏడాది చదువు నా నాలుక మీద! ముక్కని జేబులో దాచి, నోరు బిగించుకుని క్లినిక్‌కి నడిచాను. "ఇంత బుద్ధిగా ఎప్పుడూ లేవురా, బంగారు తమ్ముడివి" అంది అక్క.

ప్రొఫెసర్ నా నోట్లోకి తొంగి చూశాడు, గీకాడు, తట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"స్వీట్ ఆజ్!" (అక్కడి యాసలో భేష్ అని.) "ఈ క్యాప్ ఎక్కడికీ పోదు" అన్నాడు. "అది సరే, దీని పక్కింటాయనకి ఏమైంది?"

విరిగింది క్యాప్ కాదు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాతో ఉన్న సొంత పన్ను! అక్క నా మొహంలోకి చూసింది.

"చేగోడీయా?"

"ఒక్కటే అక్కా."

నవ్విందో ఏడ్చిందో తెలీదు గాని, మాస్కు మాత్రం తడిసింది.

ఇప్పుడు అక్కకి అదే దేశంలో ఫ్లాట్ బుష్ అనే పేట‌లో సొంత క్లినిక్ ఉంది. నాకు బట్టతల ఉంది. ఆ పక్కింటాయన ఎప్పుడో ఇల్లు ఖాళీ చేశాడు, మిగతావాళ్లూ సర్దుకుంటున్నారు. నిన్న అక్క ఫోన్ చేసి, "నా పన్నెలా ఉందిరా?" అంది. నేనెలా ఉన్నానని ఏనాడూ అడగదు. "నాకంటే బాగుందక్కా" అన్నాను. ఫోన్ పెట్టేసి, చేగోడీ ఒకటి కాఫీలో ముంచి, ఒకప్పుడు నమలకూడదన్న ఆ వైపుకే తోశాను. ఇప్పుడు నమ్మకంగా నమలగలిగేది అటువైపే.